మూత్రపరీక్ష చెప్పునది, చెప్పలేనిది



నేటి మా ప్రసంగ విషయము మూత్రపిండములకు వచ్చు క్యాన్సరు. మన పెద్దలు రాచపుండు అని పిలిచిన ఈ వ్యాధి దేహములో ఏ భాగమునకు వచ్చినను భయము గొలుపునదే. మేము ఈ పూట ఆ భయమును పెంచదలచుకొనలేదు. ఒక చిన్న ప్రశ్నకు సమాధానము చెప్పదలచితిమి. మూత్రమును పరీక్షించి మూత్రపిండపు క్యాన్సరును తొలిదశలోనే పట్టుకొనవచ్చునా?

ప్రశ్న తేలికగానే కనబడును. మూత్రమును తయారుచేయునది మూత్రపిండము. ఆ పిండములో చెడు ఉన్నచో దాని జాడ మూత్రములో ఉండి తీరవలెను గదా అని ఎవరికైనను తోచును. కాని సమాధానము అంత తేలిక కాదు. అందులో 'అవును' కొంత, 'కాదు' కొంత, 'ఇంకను వేచియుండవలెను' అనునది కొంత కలదు. ఈ మూడింటిని కలగలిపి అర్థము చేసికొనుట వలన కొందరు లేని ధైర్యమును, మరికొందరు లేని భయమును తెచ్చుకొనుచున్నారు. రెండును ప్రమాదకరములే. కావున వానిని విడదీసి చూతము.

మూత్రమును చూచి రోగమును ఊహించుట నిన్న నేడు పుట్టిన విద్య కాదు. ఆయుర్వేదము చెప్పిన అష్టస్థాన పరీక్షలలో మూత్రపరీక్ష ఒకటి. ఉదయపు మూత్రమును పాత్రలో ఉంచి, దానిపై ఒక నూనె చుక్కను విడిచి, అది ఎట్లు వ్యాపించునో చూచి రోగము సాధ్యమా, అసాధ్యమా అని నిర్ణయించు పద్ధతిని యోగరత్నాకరము వర్ణించినది. మధ్యయుగములలో ఐరోపా వైద్యులు గాజుబుడ్డిలో మూత్రమును పట్టి, వెలుగునకు ఎదురుగా ఎత్తి, రంగును మడ్డిని పరిశీలించెడివారు. ఈ పద్ధతులలో ఓర్పుతో కూడిన పరిశీలన ఉన్నది. కాని మూత్రములో ఏ పదార్థము ఎంత ఉన్నదో తెలిసికొను సాధనము ఆనాడు లేదు.

ఆ సాధనము క్రమముగా వచ్చినది. 1827లో లండను నగరపు గైస్ ఆసుపత్రిలో రిచర్డ్ బ్రైట్ అను వైద్యుడు, నీరుపట్టి దేహము వాచిన రోగుల మూత్రమును కాచిన యెడల అది గ్రుడ్డులోని తెల్లసొనవలె గడ్డకట్టుటకును, వారి మూత్రపిండములు చెడియుండుటకును గల సంబంధమును ప్రకటించెను. 1840ల నాటికి అదే నగరములో హెన్రీ బెన్స్ జోన్స్ ఎముకలు మెత్తబడిన ఒక రోగి మూత్రములో ఒక వింత మాంసకృత్తును గుర్తించెను. అది ఎముకల మజ్జకు వచ్చు ఒక విధమైన క్యాన్సరునకు గుర్తు అని తరువాత తేలినది. అనగా మూత్రములో క్యాన్సరు జాడను వెదకుట అను ఆలోచనకు దాదాపు నూటయెనుబది సంవత్సరముల వయస్సు కలదు. మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు కూడ ఈ కథలో ఒక పుట వ్రాసెను. ఆయన అమెరికాలోని హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి, రక్తమూత్రములలోని భాస్వరమును రంగు గాఢతను బట్టి కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను. రోగపు జాడను కంటితో ఊహించుట పోయి, అంకెలతో కొలుచుట వచ్చినది.

ఇక మూత్రపిండమును గూర్చి రెండు మాటలు. మనకు రెండు మూత్రపిండములు గలవు. అవి కడుపు వెనుకభాగమున, వెన్నెముకకు ఇరువైపుల, క్రింది ప్రక్కటెముకల మరుగున ఉండును. ఒక్కొక్కటి సుమారు 11 సెంటీమీటర్ల పొడవు, 150 గ్రాముల బరువు. ఒక్కొక్క దానిలో పదిలక్షల వరకు అతిసూక్ష్మమైన వడపోత యంత్రములు గలవు. ఇవి దినమునకు 180 లీటర్ల ద్రవమును రక్తమునుండి వడగట్టి, అందులో దేహమునకు కావలసిన నీటిని, లవణములను, చక్కెరను తిరిగి రక్తములోనికి పంపివేయును. మిగిలిన లీటరు, లీటరున్నరయే మూత్రము. ఇట్లు తిరిగి పీల్చుకొను పనిని ఎక్కువగా చేయునవి వడపోతకు వెంటనే తరువాత ఉండు సన్నని గొట్టములు. ఈ గొట్టముల గోడలలోని కణములను శ్రోతలు గుర్తుంచుకొనవలెను. పెద్దవారిలో మూత్రపిండమునకు వచ్చు క్యాన్సరులలో అత్యధిక భాగము ఈ గొట్టముల కణముల నుండియే పుట్టును.

ప్రపంచము మొత్తము మీద 2020 సంవత్సరములో సుమారు 4 లక్షల 31 వేల మందికి క్రొత్తగా మూత్రపిండపు క్యాన్సరు వచ్చినదనియు, 1 లక్ష 79 వేల మంది దానివలన మరణించిరనియు అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ లెక్కకట్టినది. స్త్రీలకంటె పురుషులకు ఇది దాదాపు రెట్టింపుగా వచ్చును. పొగత్రాగుట, స్థూలకాయము, అధిక రక్తపోటు, ఈ మూడును దీనికి దారితీయు కారణములని స్థిరపడినది. సంవత్సరముల తరబడి డయాలిసిస్ పై ఉన్నవారికిని, వంశములో ఈ వ్యాధి ఉన్నవారికిని ప్రమాదము ఎక్కువ.

ఈ వ్యాధికి గల చెడు గుణము దాని మౌనము. మూత్రపిండము దేహపు లోతులలో, క్రొవ్వుపొరల నడుమ ఉన్నది. అక్కడ ఒక కంతి నిమ్మకాయంత పెరిగినను చేతికి తగులదు, నొప్పి కలిగింపదు. ఒక పిండము కొంత చెడినను రెండవది పనిని నెట్టుకొనివచ్చును గనుక రక్తపరీక్షలలో కూడ తేడా కనబడకపోవచ్చును. మూత్రములో రక్తము, డొక్కలో నొప్పి, చేతికి తగులు గడ్డ, ఈ మూడును కలిసినచో మూత్రపిండపు క్యాన్సరని వైద్యవిద్యార్థులకు నేర్పెడివారు. ఈ మూడును కలిసి కనబడు రోగులు నేడు నూటికి పదిమంది కూడ ఉండరు. ఆ మూడును కలిసి వచ్చునాటికి వ్యాధి చాలవరకు ముదిరియే యుండును. నేడు సగమునకు పైగా రోగులలో ఈ కంతులు వేరొక కారణముచే, అనగా పిత్తాశయపు రాళ్లకనియో కడుపునొప్పికనియో అల్ట్రాసౌండు పరీక్ష చేయించుకొన్నపుడు, అనుకోకుండ బయటపడుచున్నవి. ఇది అదృష్టమునకు వదలివేసిన పద్ధతి. పరీక్ష చేయించుకొనుటకు వేరొక నొప్పి రాని వాని సంగతి ఏమి?

తొలిదశకును తుదిదశకును గల అంతరము ఎంతటిదో అంకెలు చెప్పును. కంతి మూత్రపిండములోనే ఉండగా కనుగొన్నవారిలో నూటికి తొంబదిమందికి పైగా అయిదేండ్లు గడచినను జీవించియుందురని అమెరికా దేశపు లెక్కలు తెలుపుచున్నవి. అదే వ్యాధి ఊపిరితిత్తులకో ఎముకలకో ప్రాకిన తరువాత కనుగొన్నవారిలో ఆ సంఖ్య నూటికి ఇరువదికి లోపుగనే ఉన్నది. నాలుగు సెంటీమీటర్ల లోపు కంతి అయినచో, సాధారణముగా పిండమునంతటిని తీయనక్కరలేకుండ, కంతిని మాత్రము కోసి తీసి మిగిలిన పిండమును నిలుపవచ్చును. ఒకే వ్యాధికి ఇంతటి భిన్నమైన ఫలితములు ఉన్నపుడు, దానిని ముందుగా పట్టుకొను సులభమైన పరీక్ష కొరకు వైద్యలోకము ఆరాటపడుటలో ఆశ్చర్యము లేదు.

ఇప్పుడు మొదటి సమాధానమునకు వత్తము. నేడు ప్రతి చిన్న పట్టణములోను జరుగు మామూలు మూత్రపరీక్ష ఏమి చెప్పగలదు? అది చక్కెరను, ఆల్బుమినును, చీముకణములను, ఎర్రకణములను చూపును. వీనిలో క్యాన్సరు విషయమున ముఖ్యమైనది రక్తము. రక్తము రెండు విధములుగా ఉండును. కంటికి కనబడునట్లు మూత్రము ఎర్రగానో, టీ డికాక్షను రంగులోనో వచ్చుట ఒకటి. కంటికి తెలియక సూక్ష్మదర్శినికి మాత్రమే కనబడుట రెండవది. రసాయనము పూసిన కాగితపు పట్టీని మూత్రములో ముంచినచో రంగు మారుట వలన రక్తమును అనుమానింపవచ్చును. కాని ఆ రంగు ఇతర కారణములచేతను మారును గనుక సూక్ష్మదర్శినితో చూచి ధ్రువపరచుకొనవలెను. ఎక్కువ పెద్దది చేసి చూపు కటకము క్రింద ఒక్కొక్క దృష్టిక్షేత్రమునకు మూడు లేక అంతకు మించి ఎర్రకణములు కనబడినచో, కారణమును వెదకవలెనని నేటి వైద్యుల నియమము.

మూత్రము ఎర్రబడినంతనే క్యాన్సరని భయపడనక్కరలేదు. బీటురూటు తిన్నను, క్షయరోగమునకు ఇచ్చు రిఫాంపిసిను మ్రింగినను రంగు మారును. రాళ్లు, క్రిమిదోషము, వృద్ధులలో ప్రోస్టేటు గ్రంథి పెరుగుట, ఇవన్నియు రక్తమునకు కారణములే. మూత్రాశయపు క్యాన్సరు కూడ ఇట్లే బయటపడును. అయినను ఒక మాటను గట్టిగా చెప్పవలసియున్నది. నొప్పి లేకుండ వచ్చు రక్తమును తేలికగా తీసికొనరాదు. రాయి వలన వచ్చు రక్తము సాధారణముగా నొప్పితో కూడ వచ్చును, రోగి పరుగున వైద్యుని యొద్దకు పోవును. క్యాన్సరు వలన వచ్చు రక్తము తరచు నొప్పి లేకయే వచ్చును, ఆ కారణముచేతనే రోగి ఇంటివద్ద కూర్చుండును.

మన ఇండ్లలో అపుడు జరుగునది శ్రోతలకు తెలియనిది కాదు. ఎండలో తిరిగినందున ఒంటికి వేడి చేసినదందురు. బార్లీనీరు, సబ్జాగింజల పానీయము, కొబ్బరినీరు, మజ్జిగ ఇత్తురు. మూడు నాలుగు దినములలో మూత్రము తేటపడును. చలువ చేసినది, రోగము పోయినది అని ఇంటిల్లిపాది సంతోషింతురు. చలువ పానీయములలో దోషమేమియు లేదు. వేసవిలో నీరు ఎక్కువగా త్రాగుట మేలే. కాని కంతినుండి వచ్చు రక్తము తనంతట తానే వచ్చి, తనంతట తానే ఆగు స్వభావము కలది. ఒకసారి వచ్చి, నెలల తరబడి రాకపోవచ్చును. ఆ నడుమ కంతి మాత్రము పెరుగుచునే ఉండును. రక్తము ఆగిన ఘనత బార్లీకి దక్కును, కాలము మాత్రము చేజారును. మూత్రములో రక్తము ఒక్కసారి కనబడి ఆగిపోయినను, అది కనబడినట్లే లెక్క. రక్తము పలుచబరచు మందులు వాడువారు ఆ మందులవలననే అని సరిపెట్టుకొనుటయు తగదు. మందు రక్తస్రావమును పెంచవచ్చునే గాని, దాని వెనుక దాగిన కారణమును వెదకవలసిన అవసరము అటులనే ఉండును.

ఇది మామూలు మూత్రపరీక్ష చెప్పగలిగినది. అది చెప్పలేనిది ఇంతకంటె ముఖ్యము. మూత్రపిండపు క్యాన్సరు పిండపు కండలో పుట్టును. మూత్రము సేకరింపబడు లోపలి గదుల గోడను తాకి, చీల్చిన తరువాతనే సాధారణముగా రక్తము మూత్రములో కలియును. చిన్న కంతి తన చుట్టు ఒక పొరను కట్టుకొని, ఒక మూల ఒదిగియుండును. ఆ దశలో మూత్రము పూర్తిగా స్వచ్ఛముగా ఉండవచ్చును. కావున మూత్రములో రక్తము లేదని వచ్చిన కాగితమును చూచి, మూత్రపిండములో కంతి లేదని అనుకొనుట పొరపాటు. ఉన్న రక్తము హెచ్చరిక అగును గాని, లేని రక్తము హామీ కానేరదు.

మూత్రములో రక్తమునకు బదులు క్యాన్సరు కణములనే వెదకినచో? ఆ ప్రయత్నము కూడ జరిగినది. గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరు పరీక్షకు పేరుపొందిన జార్జి పాపనికొలావు, విక్టర్ మార్షల్ తో కలిసి, మూత్రపు మడ్డిలోని కణములను చూచి మూత్రమార్గపు క్యాన్సరులను గుర్తించు పద్ధతిని 1945లో ప్రకటించెను. మూత్రాశయపు క్యాన్సరులో ఇది నేటికిని ఉపయోగపడుచున్నది. ఏలయన మూత్రాశయపు లోపలి గోడ ఎల్లప్పుడును మూత్రములో తడియుచుండును, దాని కణములు రాలి మూత్రములో పడును. మూత్రపిండపు కండలోని కంతి కణములు అట్లు రాలవు. అందుచేత ఈ పద్ధతి మూత్రపిండపు క్యాన్సరు విషయమున అక్కరకు రాలేదు.

ఇచ్చట శాస్త్రజ్ఞులు మరియొక మెట్టు లోనికి దిగిరి. కణము రాలకపోయినను, ఆ కణము తయారుచేయు మాంసకృత్తు ఏదైన మూత్రములోనికి జారుచున్నదేమో చూడవలెననుకొనిరి. మూత్రపిండపు క్యాన్సరులలో అధికభాగమునకు 'స్పష్టకణ' క్యాన్సరని పేరు. సూక్ష్మదర్శిని క్రింద దాని కణములు ఖాళీగా, తేటగా కనబడును. ఆ కణములు నిజముగా ఖాళీ కావు. వానిలో క్రొవ్వు బిందువులు నిండియుండును. పరీక్షకు పలకను సిద్ధపరచునపుడు వాడు ద్రవములలో ఆ క్రొవ్వు కరిగిపోవును గనుక ఖాళీగా తోచును. 1883లో జర్మనీ దేశపు పాల్ గ్రావిట్జ్ ఈ క్రొవ్వును చూచియే, ఈ కంతులు మూత్రపిండముపై టోపీవలె ఉండు అధివృక్క గ్రంథి తునకలనుండి పుట్టినవని భావించెను. ఆ భావన తప్పని తరువాత తేలినను, ఆయన చూచిన క్రొవ్వు నిజమే.

ఈ క్రొవ్వు బిందువుల చుట్టు పొరవలె అంటియుండు ఒక మాంసకృత్తు కలదు. దానికి అడిపోఫిలిన్ అని పేరు, పెరిలిపిన్-2 అనియు అందురు. మరియొకటి ఆక్వాపోరిన్-1. ఇది కణపు గోడలో నీరు పోవుటకు ద్వారమువంటిది. నీటిని తిరిగి పీల్చుకొను ఆ సన్నని గొట్టముల కణములలో ఇది సమృద్ధిగా ఉండును. ఈ నీటిద్వారమును కనుగొన్నందులకు అమెరికా శాస్త్రజ్ఞుడు పీటర్ ఏగ్రే 2003లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానమును పంచుకొనెను. ఒక విధముగ చెప్పవలెనన్న, ఆక్వాపోరిన్ ఆ క్యాన్సరు కణపు పుట్టినింటి గుర్తు, అడిపోఫిలిన్ అది తరువాత నేర్చిన చెడు అలవాటు గుర్తు. రెండును కలిసి మూత్రములో అధికముగా కనబడినచో, వచ్చిన చోటు ఏదో ఊహింపవచ్చును గదా!

అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమున వాషింగ్టను విశ్వవిద్యాలయమునకు చెందిన ఇవాన్ ఖరాష్, జెరెమయా మారిసీ మొదలగువారు ఈ దారిని పట్టిరి. స్పష్టకణ క్యాన్సరు, పాపిలరీ అను మరియొక రకపు క్యాన్సరు గలవారి మూత్రములో ఈ రెండు మాంసకృత్తులును ఆరోగ్యవంతులకంటె ఎంతో ఎక్కువగా ఉన్నవని 2010లో ప్రకటించిరి. కంతి పెద్దదైన కొలది వీని పరిమాణమును పెరిగినది. శస్త్రచికిత్సతో కంతిని తొలగించిన పిదప తగ్గిపోయినది. క్రిమిదోషము, మధుమేహము వలన చెడిన మూత్రపిండములు మొదలగు ఇతర వ్యాధులలో ఇవి ఇట్లు పెరుగలేదని వారి తరువాతి పరిశీలనలు తెలిపినవి.

2015లో వారు మరియొక పరీక్షను ప్రకటించిరి. వేరువేరు కారణములచే కడుపునకు సి.టి. స్కాను తీయించుకొనవచ్చిన 720 మంది మూత్రమును సేకరించి చూచిరి. వారిలో ముగ్గురి మూత్రములో ఈ మాంసకృత్తులు అధికముగా ఉండెను. స్కానులో ఆ ముగ్గురికిని మూత్రపిండమున కంతి కనబడినది. వారిలో పరీక్షను కొనసాగించిన ఇద్దరికిని క్యాన్సరని ధ్రువపడినది. మూత్రపు సీసా చెప్పినదానిని స్కాను యంత్రము సమర్థించుట చూచి వైద్యలోకము సంతోషించినది.

అయితే ఈ పరీక్ష మన ఆసుపత్రులకు ఏల రాలేదని శ్రోతలు అడుగవచ్చును. ఇచ్చటనే మన ప్రశ్నకు మూడవ సమాధానము, 'వేచియుండవలెను' అనునది, వచ్చుచున్నది. దీనికి మూడు కారణములు గలవు.

మొదటిది సంఖ్య. కొలదిమంది రోగులలో చక్కగా పనిచేసిన పరీక్ష వేరువేరు దేశములలో, వేరువేరు ప్రయోగశాలలలో, వేలమందిలో అట్లే పనిచేయునని నిలబడి చూపవలెను. మూత్రము నిలువ ఉంచుటలోను, కొలుచుటలోను కొద్ది తేడా వచ్చినను ఫలితము మారవచ్చును. రెండవది రకము. మూత్రపిండపు కంతులన్నియు ఒకే జాతివి కావు. పై రెండు మాంసకృత్తులు రెండు ముఖ్య జాతులనే చూపగలవు, ఇతర జాతులను చూపలేవు.

మూడవది లెక్కకు సంబంధించినది. దీనిని కొంచెము నిదానముగా విందురు గాక. పదివేలమంది జనాభా గల ఒక ఊరిని ఊహింతము. లెక్క సులభమగుటకు, వారిలో పదిమందికి ఈ వ్యాధి దాగియున్నదనుకొందము. మనవద్ద ఉన్న పరీక్ష నూరుమంది రోగులలో తొంబదియైదుగురిని పట్టగలదు, నూరుమంది ఆరోగ్యవంతులలో తొంబదియైదుగురికి వ్యాధి లేదని సరిగా చెప్పగలదు. వినుటకు ఎంతో మంచి పరీక్ష. ఊరందరికిని చేసినచో పదిమంది రోగులలో తొమ్మిదిమందియో, పదిమందియో దొరకుదురు. కాని మిగిలిన 9,990 మంది ఆరోగ్యవంతులలో నూటికి అయిదుగురు చొప్పున దాదాపు 500 మందికి వ్యాధి ఉన్నదని తప్పుగా వచ్చును. అనగా వ్యాధి ఉన్నదని కాగితము అందుకొన్న 510 మందిలో 500 మందికి అది లేదు! ఆ అయిదువందల ఇండ్లలో ఆ రాత్రి నిద్ర ఉండదు. వారందరికిని స్కానులు తీయవలెను. అందుకు అప్పు చేయువారు ఉందురు, పొలము అమ్మువారు ఉందురు. అరుదైన వ్యాధిని ఆరోగ్యవంతులలో వెదకు పరీక్ష మామూలు పరీక్షకంటె ఎన్నోరెట్లు ఖచ్చితముగా ఉండవలెననుట ఇందుకే.

దీనికి తోడు, కనబడిన ప్రతి కంతియు ప్రాణాంతకము కాదు. నాలుగు సెంటీమీటర్ల లోపు కంతులను తీసి చూచినపుడు దాదాపు అయిదింట ఒకటి క్యాన్సరు కానిదిగా తేలుచున్నది. కొన్ని క్యాన్సరులు కూడ మిక్కిలి నెమ్మదిగా పెరుగును. వృద్ధులలో అట్టి చిన్న కంతులను కోయక, కాలక్రమమున స్కానులతో కనిపెట్టియుండు పద్ధతియు నేడు కలదు. కావున మంచి పరీక్ష కంతి ఉన్నదా అని చెప్పుటతో ఆగరాదు, అది కీడు చేయునదా అని కూడ చెప్పగలిగియుండవలెను. ఈ వెదకులాట ఆగిపోలేదు. మూత్రపిండపు గొట్టములు దెబ్బతిన్నపుడు వెలువడు కిమ్-1 అను మాంసకృత్తు, క్యాన్సరు బయటపడుటకు అయిదేండ్ల ముందునుండియే కొందరి రక్తములో అధికముగా ఉన్నదని ఐరోపా దేశముల వారి పరిశీలన ఒకటి 2018లో తెలిపినది. కాని పిండమునకు ఏ దెబ్బ తగిలినను అది పెరుగును గనుక, ఒంటరిగా దానిని నమ్ముట కష్టము. ఆరోగ్యవంతులందరిలో మూత్రపిండపు క్యాన్సరును వెదకుటకు సర్వసమ్మతమైన మూత్రపరీక్ష నేటికి ఏదియు లేదు. ఒక చుక్క మూత్రముతో సమస్త క్యాన్సరులను చెప్పెదమను ప్రకటన ఎచ్చటనైన కనబడినచో, డబ్బు చెల్లించుటకు ముందు మీ వైద్యుని అడుగుడు.

మన ప్రాంతమునకు సంబంధించిన మాట ఒకటి. శ్రీకాకుళము జిల్లా ఉద్దానపు ప్రాంతమున ఎందరినో పీడించుచున్న మూత్రపిండ వ్యాధి క్యాన్సరు కాదు. అది పిండములు క్రమముగా పని మానివేయు దీర్ఘవ్యాధి. దానిని కనిపెట్టుటకు రక్తములోని క్రియాటినిను, మూత్రములోని ఆల్బుమిను పరీక్షలు ఉపయోగపడును. ఆ పరీక్షలు బాగున్నవని క్యాన్సరు లేదనుకొనుటయు, బాగుగా లేవని క్యాన్సరు ఉన్నదనుకొనుటయు రెండును సరికావు. ఏ పరీక్షను ఏ ప్రశ్నకు వేసితిమో, దాని సమాధానము ఆ ప్రశ్నకే చెల్లును.

మరి నేడు మనము చేయదగినదేమి? మూత్రములో ఒక్కసారియైనను రక్తము కనబడినచో, నొప్పి ఉన్నను లేకున్నను, ఆగినను ఆగకున్నను, వైద్యుని చూడవలెను. ఆయన మూత్రమును సూక్ష్మదర్శినితో పరీక్షించి, క్రిమిదోషము ఉన్నదేమో చూచి, అల్ట్రాసౌండు పరీక్ష చేయించును. అవసరమైనచో సి.టి. స్కానును, మూత్రాశయములోనికి గొట్టము పంపి చూచు పరీక్షను సూచించును. క్రిమిదోషమునకు మందు వాడిన తరువాత మరల మూత్రపరీక్ష చేయించి, రక్తము పూర్తిగా పోయినదో లేదో చూచుకొనవలెను. పోనియెడల, రోగము నయమైనదని ఊరకుండరాదు.

మూత్రపరీక్ష బాగున్నను, డొక్కలో విడువని నొప్పి, కారణము తెలియని బరువు తగ్గుట, అంతుపట్టని జ్వరము ఉన్నచో అల్ట్రాసౌండు పరీక్ష చేయించుకొనుట మేలు. అది నొప్పి లేనిది, కిరణముల భయము లేనిది, జిల్లా ఆసుపత్రులలో దొరకునది. తండ్రికో, తల్లికో, తోబుట్టువులకో ఈ వ్యాధి వచ్చియున్నవారును, ఏండ్ల తరబడి డయాలిసిస్ చేయించుకొనుచున్నవారును, ఏ లక్షణము లేకున్నను, ఎంతకాలమునకు ఒకసారి స్కాను అవసరమో వైద్యుని అడిగి తెలిసికొనవలెను.

మూత్రమును పరీక్షకు ఇచ్చునపుడు పాటింపదగిన నియమములు చిన్నవే. మందుల సీసాను కడిగి తీసికొనిపోకుడు, ప్రయోగశాలవారు ఇచ్చు శుభ్రమైన సీసానే వాడుడు. మొదటి ధారను విడిచి, నడిమి ధారను పట్టుడు. గంట రెండు గంటలలోపల అందజేయుడు, ఆలస్యమైనచో ఎర్రకణములు చితికిపోయి ఫలితము తారుమారగును. స్త్రీలు బహిష్టు దినములలో ఈ పరీక్షను వాయిదా వేసికొనవలెను. వాడుచున్న మందుల పేర్లను చెప్పవలెను.

ఇక వ్యాధి రాకుండ మన చేతిలో ఉన్నది కొంత కలదు. చుట్ట, బీడీ, సిగరెట్టులను మానవలెను. రక్తపోటును కొలిపించుకొని అదుపులో ఉంచుకొనవలెను. దేహపు బరువును మితిమీరనీయరాదు. ఈ మూడును గుండెకును మేలు చేయునవే గనుక, నష్టము లేని బేరము.

ఒకనాటికి ఒక చిన్న సీసాలోని మూత్రము మూత్రపిండపు మూలనున్న గోలీకాయంత కంతిని కూడ చెప్పగల దినము రావచ్చును. దానికొరకు పనిచేయువారు పనిచేయుచున్నారు. ఆ దినము వచ్చువరకు మనకున్న మూత్రపరీక్షను దాని యోగ్యత మేరకు గౌరవింతము. అది రక్తము ఉన్నదని చెప్పినపుడు వెంటనే విందము. అది ఏమియు చెప్పనపుడు, దాని మౌనమును ఆరోగ్యపత్రముగా భావింపకుందము. ఈ వేసవిలో మీ ఇంట ఎవరికైన మూత్రము ఎర్రబడినచో బార్లీనీరు ఇండు, తప్పులేదు. కాని ఆ నీరు చల్లారులోపలనే వైద్యుని యొద్దకు ప్రయాణము కట్టుడు.